రెండో గేర్‌లో తేల్చిన ఇంటి విలువ

మార్చి నెలలో బ్రిటన్‌లోని ప్రతి ఇంటికీ స్థానిక కౌన్సిల్ నుంచి ఒక కవరు వస్తుంది. లోపల రాబోయే ఏడాది కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు. అందులో ఇంటి చిరునామా దగ్గరే ఎక్కడో ఒక అక్షరం ఉంటుంది, ఏ నుంచి హెచ్ దాకా (వేల్స్‌లో ఐ దాకా) ఏదో ఒకటి. అదే ఆ ఇంటి బ్యాండ్. చాలామంది కింద ఉన్న మొత్తం చూసి ఓ నిట్టూర్పు విడిచి, పది వాయిదాల్లో పోయేలా డైరెక్ట్ డెబిట్ పెట్టేసి ఆ కాగితం పక్కన పడేస్తారు. పన్ను రేటు మన చేతిలో లేదు కాబట్టి దాని గురించి బాధపడి లాభం లేదు. ఆ అక్షరం సంగతి వేరు. అది తప్పని చూపించగలిగితే మార్పించుకోవచ్చు, ఇన్నేళ్లుగా ఎక్కువ కట్టిన డబ్బు వెనక్కి కూడా తెచ్చుకోవచ్చు.

తప్పు ఎందుకు ఉంటుందనేగా అనుమానం? అది పుట్టిన తీరు చూస్తే తెలుస్తుంది. మార్గరెట్ థాచర్ ప్రభుత్వం 1989లో స్కాట్లాండ్‌లో, మరుసటి ఏడు ఇంగ్లండ్, వేల్స్‌లలో తెచ్చిన పోల్ ట్యాక్స్ తలల లెక్కన వేసిన పన్ను. ఒకే ఊళ్లో భవంతిలో ఉండే ప్రభువుకీ, అద్దె గదిలో ఉండే కూలీకీ ఇంచుమించు ఒకే బిల్లు. 1990 మార్చి 31న లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో అల్లర్లు జరిగాయి, ఆ ఏడాది నవంబరులో థాచర్ గద్దె దిగారు. తరవాత వచ్చిన జాన్ మేజర్ ప్రభుత్వం హడావుడిగా కొత్త పన్ను సిద్ధం చేసింది. 1992లో చట్టమైంది, 1993 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఈసారి లెక్క తలల మీద కాకుండా ఇంటి విలువ మీద.

ఇంగ్లండ్, వేల్స్ కలిపితే దాదాపు రెండు కోట్ల ఇళ్లు. అన్నిటికీ విలువ కట్టాలి, వ్యవధి చూస్తే తక్కువ. ప్రభుత్వ సిబ్బంది చాలక ప్రైవేటు ఎస్టేట్ ఏజెంట్లకు కాంట్రాక్టులు ఇచ్చారు. లోపలికి వెళ్లి గదులు కొలిచే తీరిక ఎవరికుంది? చాలా వీధుల్లో కారు కూడా దిగలేదు. మెల్లగా నడుపుతూ అద్దంలోంచి చూసి, ఈ వరస సీ, ఆ మూల ఇల్లు డీ అని రాసుకుంటూ పోయారు. దానికి ‘సెకండ్ గేర్ వాల్యుయేషన్’ అని పేరు పడిపోయింది.

ఇంగ్లండ్‌లో ఆ రాతలే ఇప్పటికీ నడుస్తున్నాయి. 2007లో మళ్లీ విలువ కడతామని ఒకసారి అనుకున్నారు. ఈలోగా 2005లో వేల్స్ ఆ పని చేసి చూపించింది. 2003 ఏప్రిల్ నాటి ధరలు పట్టుకుని లెక్క తిరగేస్తే దాదాపు మూడోవంతు ఇళ్లు పై బ్యాండ్‌కు ఎక్కాయి, కిందికి దిగినవి పదోవంతు కూడా లేవు. ఆ గోల చూశాక లండన్‌లోని పెద్దలు ఆ ఏడే తమ ఆలోచన అటకెక్కించారు. ఆ తరవాత వచ్చిన ఏ ప్రభుత్వమూ దాన్ని కిందికి దించే సాహసం చేయలేదు. ఇప్పుడు 20 లక్షల పౌండ్లు దాటిన ఇళ్లకు మాత్రం 2028 నుంచి అదనపు వడ్డింపు ఉంటుందని ప్రకటించారు. మామూలు ఇళ్ల జోలికి ఎవరూ పోలేదు.

కాబట్టి మీ బిల్లు మీద ఉన్న అక్షరానికీ, ఇవాళ మీ ఇల్లు పలికే ధరకీ సంబంధం లేదు. ఇంగ్లండ్‌లో చూసేది 1991 ఏప్రిల్ 1న ఆ ఇల్లు ఎంతకు అమ్ముడుపోయి ఉండేదన్నది. 40,000 పౌండ్ల వరకూ ఏ, 52,000 వరకూ బీ, 68,000 వరకూ సీ, 88,000 వరకూ డీ, 1,20,000 వరకూ ఈ, 1,60,000 వరకూ ఎఫ్, 3,20,000 వరకూ జీ, ఆపైన హెచ్. నిరుడు కట్టిన ఇల్లయినా సరే, అది 1991లో అక్కడ ఉండి ఉంటే ఎంత పలికేదని ఊహించి బ్యాండ్ వేస్తారు. స్కాట్లాండ్‌లోనూ తేదీ అదే, అంకెలు తక్కువ: అక్కడ 27,000 దాటగానే బీ మొదలవుతుంది. వేల్స్‌లో 2003 ధరలు, హెచ్ మీద ఇంకో మెట్టు ఐ. ఉత్తర ఐర్లండ్‌లో కౌన్సిల్ ట్యాక్సే లేదు, ‘రేట్స్’ అనే పాత తరహా ఇంటి పన్ను నడుస్తోంది.

ఒక్క మెట్టుకు ఎంత తేడా? డీ బ్యాండ్ వాళ్లు తొమ్మిది భాగాలు కడితే ఇంగ్లండ్‌లో ఏ వాళ్లు ఆరు, బీ ఏడు, సీ ఎనిమిది, ఈ పదకొండు, ఎఫ్ పదమూడు, జీ పదిహేను, హెచ్ పద్దెనిమిది భాగాలు కడతారు. 2025-26లో ఇంగ్లండ్‌లో డీ బ్యాండ్ సగటు బిల్లు 2,280 పౌండ్లు. ఆ లెక్కన డీ నుంచి సీకి దిగితే ఏడాదికి 253 పౌండ్లు మిగులుతాయి. ఈ నుంచి డీకి దిగితే 507. పదేళ్లుగా ఆ ఇంట్లో ఉన్నవాళ్లకు ఏ ఏడు రేటు ప్రకారం ఆ ఏడు తేడా కట్టి ఇస్తారు, చిన్న మొత్తమేమీ కాదు.

ఇక్కడే ఒక అపోహ తొలగించాలి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంటి విలువ కట్టేదీ, పన్ను వసూలు చేసేదీ ఒకే మున్సిపల్ కార్పొరేషన్. అలవాటు కొద్దీ మనవాళ్లు బ్రిటన్‌లో కూడా కౌన్సిల్‌కు ఫోన్ చేసి వాదిస్తారు. కౌన్సిల్ పని పన్ను రేటు వేసి డబ్బు వసూలు చేయడం, బ్యాండ్ దాని చేతిలో ఉండదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో బ్యాండ్ వేసేది పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీ పరిధిలోని వాల్యుయేషన్ ఆఫీస్, జనం నోట్లో వీఓఏ. స్కాట్లాండ్‌లో ఆ ప్రాంతపు అసెసర్. అర్జీ అటు పోవాలి.

ఇంకో తేడా కూడా ఉంది. మన దగ్గర ఇంటి పన్ను నోటీసు యజమాని పేరున వస్తుంది, అద్దెకున్నవాళ్లు దాని మొహం చూడరు. ఇక్కడ మామూలుగా ఇంట్లో ఉండేవాళ్లే కట్టాలి. కట్టేది అద్దెకున్నవారు కనుక, బ్యాండ్ తప్పని అడిగే హక్కు కూడా వాళ్లకు ఉంది. ఇల్లు మనది కాదు కదా అని ఊరుకోనక్కర్లేదు.

సరే, ఏ కారణం చెబితే వింటారు? ముందు వినని కారణాలు చూద్దాం, ఎక్కువమంది రాసేవి అవే కాబట్టి. బిల్లు మరీ ఎక్కువగా ఉందంటే వినరు. పైకప్పు కారుతోంది, కిటికీలు పాతబడ్డాయి అంటే వినరు. ఇల్లు ఓ మాదిరి మంచి స్థితిలోనే ఉందని అనుకుని విలువ కట్టాలని చట్టమే చెబుతోంది. ఇవాళ్టి ధరల వెబ్‌సైటు పేజీలు, పత్రికల్లో వచ్చే ఊరి సగటు ధరలు పంపినా సాక్ష్యంగా తీసుకోరు. పక్క కౌన్సిల్‌లో తక్కువ అన్నా అంతే. వెస్ట్‌మినిస్టర్‌లో డీ బ్యాండ్ బిల్లు వెయ్యి పౌండ్లకు కాస్త అటూఇటూ, నాటింగ్‌హామ్‌లో రెండున్నర వేలు దాటింది. ఇది న్యాయమా అంటే కాదనే అంటాను, కానీ అది పార్లమెంటు తేల్చాల్సిన గొడవ, వీఓఏ గుమాస్తా తేల్చేది కాదు.

పనికొచ్చే సాక్ష్యం రెండు రకాలు. ఒకటి, మీ ఇంటిలాంటి ఇళ్లే మీ వీధిలోనో అదే ఎస్టేట్‌లోనో తక్కువ బ్యాండ్‌లో ఉండటం. అలాంటివి ఐదు దాకా చూపించమంటారు. రెండోది, మీ ఇల్లో, అలాంటి ఇల్లో 1991 ఏప్రిల్‌కు దగ్గర్లో ఎంతకు అమ్ముడైందో చూపడం. 1989 ఏప్రిల్ 1కీ 1993 మార్చి 31కీ మధ్య జరిగిన అమ్మకాలకే విలువ. డబ్బు వ్యవహారాలు రాసే మార్టిన్ లూయిస్ 2007లో టీవీలో జనానికి చెప్పిన చిట్కా ఈ రెండింటి మీదే నిలబడింది. ముందు పొరుగిళ్లు చూడు, తరవాత పాత ధర చూడు, రెండూ నీ పక్షాన ఉంటేనే కలం పట్టు. వేలమంది అలా డబ్బు వెనక్కి తెచ్చుకున్నారు. ఆ పద్ధతిలో అసలు కీలకం ‘రెండూ’ అన్న మాటలో ఉంది. ఎందుకో ఒక లెక్క వేసి చూద్దాం.

లెస్టర్‌లో 1930ల నాటి సెమీ డిటాచ్డ్ ఇళ్ల వీధి అనుకోండి. మీది 24వ నంబరు, బ్యాండ్ డీ. ప్రభుత్వ వెబ్‌సైటులో పోస్ట్‌కోడ్ కొడితే వీధిలో ప్రతి ఇంటి బ్యాండూ కనిపిస్తుంది, ఎవరినీ అడగక్కర్లేదు. మీతో గోడ కలిసిన 26 సీ. 20, 22, 28, 30 కూడా సీ. వీధి మొత్తంలో డీ మీదొక్కటే. ఇది బలమైన కేసులా ఉంది, కానీ ఇప్పుడే అర్జీ పెట్టకండి.

ఇళ్లు నిజంగా ఒకేలా ఉన్నాయా? ముందు నుంచి చూస్తే అన్నీ కవలలే. వెనక ఒకరికి పెద్ద వంటిల్లు ఉండొచ్చు, ఇంకొకరికి ఉండకపోవచ్చు. పడకగదులు ఎన్ని అన్నదాని కన్నా వీఓఏ వాళ్లు విస్తీర్ణం చూస్తారు. ఇళ్లయితే బయటి కొలతలు, ఫ్లాట్లయితే లోపలి గదుల కొలతలు. విద్యుత్తు, వేడి ఎంత ఖర్చవుతుందో చెప్పే ఈపీసీ సర్టిఫికెట్లో ఇంటి లోపలి విస్తీర్ణం చదరపు మీటర్లలో ఉంటుంది. ఆ రిజిస్టరు ఆన్‌లైన్‌లో ఉచితం. మీది 92, పొరుగువాళ్లది 90 అని ఉంటే బాగానే ఉంది. మీది 118 అని వస్తే, మీ ముందున్న యజమాని ఎప్పుడో వెనకవైపు గది కట్టించి ఉంటాడు. మీ డీకి కారణం అక్కడే దొరికింది, కథ ముగిసింది.

తరవాత పాత ధర. ల్యాండ్ రిజిస్ట్రీ అమ్మకపు ధరలు ఆన్‌లైన్‌లో 1995 నుంచి ఉన్నాయి. 28వ నంబరు 1996లో 56,000 పౌండ్లకు అమ్ముడైందని దొరికింది అనుకుందాం. 1991 తరవాత కొన్నేళ్లు ఇళ్ల ధరలు పడ్డాయి, ముఖ్యంగా దక్షిణ ఇంగ్లండ్‌లో. అందువల్ల 1996 ధరను నేరుగా 1991 ధర అనుకోకూడదు. పడిందనుకుని ఇరవై శాతం కలిపినా 67,200 అవుతుంది. డీ మొదలయ్యేది 68,000 దాటాక. అంటే మీ ఇంటికి సీ రావాలి, పొరుగిళ్లు కూడా అదే చెబుతున్నాయి. ఇప్పుడు ధైర్యంగా రాయొచ్చు. 1996 ధర వీఓఏకు సాక్ష్యం కాదు, అది మీ మనసుకు ధైర్యం చెప్పుకోవడానికి. వాళ్లకు పంపాల్సింది పొరుగిళ్ల చిరునామాలు. 1989-93 నాటి అమ్మకపు పత్రం ఏ పొరుగు పెద్దాయన దగ్గరో దొరికితే అది బంగారం.

ఇదే వీధిని తిప్పి చూద్దాం. పన్నెండు ఇళ్లలో పదకొండు డీ, ఒక్క 26 మాత్రం సీ. గోడ పక్కనే ఉన్నా వాళ్లకు తక్కువ ఎందుకని మీరు అర్జీ పెడితే ఏమవుతుంది? వీఓఏ 26వ నంబరుకు డీ వేస్తుంది, మీ బ్యాండ్ అలాగే ఉంటుంది, పొరుగువాళ్లతో మాటలు పోతాయి. ఇంకా ఘోరం, 1991 ధరల ప్రకారం ఆ ఇళ్లన్నీ ఈలో ఉండాల్సినవని తేలితే మీ ఇల్లు కూడా పైకి పోవచ్చు. అర్జీ పెట్టారు కదా అని కిందికే చూడాలనే రూలు వాళ్లకు లేదు. అందుకే పొరుగిళ్ల పరీక్ష గెలిచి పాత ధర పరీక్ష ఓడిన కేసులు ముట్టుకోవద్దని నా సలహా. ఒక ఊరట ఉంది: పొరపాటున తక్కువ వేశామని ఇంగ్లండ్‌లో బ్యాండ్ పెంచితే మార్చిన రోజు నుంచే ఎక్కువ కట్టాలి, పాత బాకీ అడగరు. తగ్గిస్తే మాత్రం తప్పు మొదలైన నాటి నుంచి, మీరు ఆ ఇంట్లో కట్టిన కాలమంతటికీ తేడా వాపసు వస్తుంది. మీకన్నా ముందు అక్కడున్నవాళ్లకు కూడా వాళ్ల కాలానికి హక్కు ఉంటుంది.

అర్జీకి రెండు దారులు. ఆ ఇంటికి పన్ను కట్టడం మొదలుపెట్టి ఆరు నెలలు దాటనివారు, గడిచిన ఆరు నెలల్లో వీఓఏ బ్యాండ్ మార్చిన ఇళ్లవారు చట్టప్రకారం సవాలు చేయవచ్చు. ఇంట్లో కొంత భాగం కూలగొట్టినా, ఒక ఇంటిని రెండు ఫ్లాట్లు చేసినా, చుట్టుపక్కల పెద్ద మార్పు వచ్చినా ఆ దారి తెరుచుకుంటుంది. దానికి నాలుగు నెలల్లోగా జవాబివ్వాలి. జవాబు నచ్చకపోతే మూడు నెలల్లో వాల్యుయేషన్ ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు, అది వీఓఏతో సంబంధం లేని వేరే సంస్థ. ఫీజు లేదు, లాయరు అవసరం లేదు. ఓడినా అవతలివాళ్ల ఖర్చులు మీ నెత్తిన పడవు.

ఆరు నెలలు దాటిపోయినవారు బ్యాండ్ సమీక్షించమని అడగవచ్చు. ఇది హక్కు కాదు, విన్నపం. సాక్ష్యం గట్టిగా ఉంటేనే ఫైలు తెరుస్తారు, కాదంటే ట్రిబ్యునల్ దారి కూడా ఉండదు. అయినా పాత తప్పులు బోలెడు ఈ దారిలోనే సరయ్యాయి. ఏ దారిలో వెళ్లినా నిర్ణయం వచ్చేదాకా బిల్లు పాత లెక్కనే కడుతూ ఉండాలి. కేసు నడుస్తోంది కదా అని ఆపేస్తే కౌన్సిల్ కోర్టు సమన్లు పంపుతుంది, దాని ఖర్చు కూడా మీ దగ్గరే వసూలు చేస్తుంది.

కొత్తగా ఇల్లు కొనే మనవాళ్లు తరచూ పడే గొయ్యి ఒకటుంది. మిల్టన్ కీన్స్‌లోనో రెడింగ్‌లోనో వెనక గది పెంచి, అటక మీద పడకగది చేసిన ఇల్లు చూసి ముచ్చటపడి కొంటారు. ఏజెంట్ కాగితం మీద బ్యాండ్ సీ అని ఉంటుంది. ఇంటిని పెంచినప్పుడు బ్యాండ్ వెంటనే మారదు, ఆ ఇల్లు చేతులు మారినప్పుడు మారుతుంది. అంటే గది కట్టుకున్నవాడు ఇరవై ఏళ్లు సీ కట్టి హాయిగా వెళ్లిపోతాడు, కొన్న మీకు కొన్ని నెలల తరవాత డీ అనో ఈ అనో ఉత్తరం వస్తుంది. కొనే ముందే ప్రభుత్వ వెబ్‌సైటులో ఆ ఇంటి బ్యాండ్ పేజీ చూడండి. పెంచిన ఇల్లయితే, అమ్మకం జరిగాక బ్యాండ్ మారవచ్చని సూచించే గుర్తు అక్కడ ఉంటుంది. కనిపిస్తే బేరంలో ఆ లెక్క కూడా కలుపుకోండి.

బ్యాండ్ సరైనదే అయినా బిల్లు తగ్గే దారులు వేరే ఉన్నాయి, అవి మాత్రం కౌన్సిల్ చేతిలోవే. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే 25 శాతం తగ్గింపు. అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులైతే పన్నే లేదు. కోర్సు పూర్తయిన రోజుతో ఆ మినహాయింపు ఆగిపోతుంది. ఎంఎస్ ముగించి గ్రాడ్యుయేట్ వీసా మీద ఉద్యోగం వెతుక్కునే పిల్లలు ఈ సంగతి బాకీ నోటీసు వచ్చాకే తెలుసుకుంటున్నారు. గదులు విడివిడిగా అద్దెకిచ్చే షేరింగ్ ఇళ్లలో పన్ను కట్టాల్సింది ఇంటి ఓనరు. ఇంగ్లండ్‌లో 2023 డిసెంబరు 1 నుంచి అలాంటి ఇంటికి మొత్తం కలిపి ఒకే బ్యాండ్, ఒక్కో గదికి వేరే బిల్లు పంపే పాత పద్ధతి పోయింది. దివ్యాంగుల కోసం ఇంట్లో ప్రత్యేకంగా గదో, రెండో స్నానాల గదో ఏర్పాటు చేసుకున్నవారికి ఒక బ్యాండ్ కింది బిల్లు వేస్తారు.

వీసా మీద ఉన్నవాళ్లు భయపడే మాట ఒకటుంది, పబ్లిక్ ఫండ్స్. ఆదాయం తక్కువని ఇచ్చే కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్ ఆ జాబితాలో ఉంది, నిషేధం ఉన్న వీసాదారులు దానికి దరఖాస్తు పెట్టకూడదు. ఒంటరిగా ఉన్నందుకు ఇచ్చే 25 శాతం తగ్గింపు అందులోకి రాదు. బ్యాండ్ సరిచేయమని అడగడం అసలు సాయం కోరడం కాదు, మీరు ఎక్కువ కట్టింది మీరు అడుగుతున్నారు.

ఈ పని చేసిపెడతామని, వచ్చినదాంట్లో వాటా ఇవ్వమని ఫోన్లు చేసే కంపెనీలు ఉన్నాయి. కొన్ని వీఓఏ పేరు కూడా వాడుకుంటాయి. మీ తరఫున వాళ్లు నింపేది మీరు నింపగలిగే ఉచిత దరఖాస్తే. బ్యాంకు వివరాలు చెప్పకుండా ఫోన్ పెట్టేయండి.

కొత్త ఇంటి తాళాలు చేతికి వచ్చిన వారంలోనే వీధిలో ఇళ్ల బ్యాండ్లు ఒకసారి చూసుకోండి. అర్జీని పరిశీలించక తప్పని ఆరు నెలల గడువు మీ పేరున పన్ను మొదలైన రోజు నుంచే లెక్క.